ఎదుటి కుర్చీకేసి తిరిగిన నక్షత్రాలు

“ఆలస్యంగా వచ్చారు వదినగారూ. కేసు తేలిపోయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“దానంతటదే తేలిందా, మీరు తేల్చేశారా మరిదిగారూ?” అంటూ డిటెక్టివ్ అతని చెయ్యి కింద నుంచి దూరి గదిలోకి వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఆమె స్వయానా చెల్లెలి మొగుడు. ఇంట్లో ఎదురుపడితే ఇద్దరూ ఒకరి యోగక్షేమాలు ఒకరు ఎంతో మర్యాదగా అడుగుతారు. కేసులో ఎదురుపడితే మాత్రం ఉప్పూ నిప్పూ. స్టేషన్‌లో ఆమెకు ‘జిగురు’ అని పేరు పెట్టింది కూడా ఈ మరిదిగారే. ఒకసారి అంటుకుంటే వదలదని దాని అర్థం. ఆ పేరు తన చెవిన పడిందని ఆమె ఇంతవరకూ బయటపడలేదు. అవసరం వచ్చినప్పుడు వాడుకోవచ్చని దాచుకుంది.

చనిపోయిన పెద్దాయన ఒకప్పుడు ఓడల్లో నావిగేటరు. రాత్రుళ్లు చుక్కల్ని చూసి ఓడకు దారి చెప్పిన మనిషి. పదవీ విరమణ చేశాక నాణేలు సేకరించే పిచ్చి పట్టింది. అదీ నక్షత్రం ఉన్న నాణెమైతేనే. నక్షత్రం లేకపోతే బంగారు నాణెమైనా వద్దనేవాడట. మొన్న సాయంత్రం ఈ గదిలోనే, బీరువా మూలకు తల కొట్టుకుని, నేలమీద పడి ఉన్నాడు. పని నుంచి వచ్చిన కోడలు చూసి కేక పెట్టింది. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. ఒక నాణెం పోయింది.

గది మధ్యలో బల్ల, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. బల్ల మీద నీలంగుడ్డ పరిచిన చెక్కపళ్లెం ఉంది. అందులో వరసలుగా గుండ్రటి గుంతలు, గుంతకొక నాణెం. ఒక గుంత ఖాళీ.

“కిటికీ వైపున్నది పెద్దాయన కుర్చీ. కూర్చుని చూడండి. ఏమీ ముట్టుకోకండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె కూర్చుంది. నాణేలన్నీ తలకిందులుగా కనిపించాయి. తలలు, అంకెలు, అక్షరాలు, నక్షత్రాలు, సమస్తం.

“చూశారుగా! అన్నీ ఎవరికేసి తిరిగి ఉన్నాయి? ఎదుటి కుర్చీకేసి. రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని ఆయనకు పేపరు చదివి వినిపించేదెవరు? కోడలు. నాణెం మీద నక్షత్రమంటే ఆత్మ అట వదినగారూ. తలకిందులైతే అన్యాయంగా పోయిన ఆత్మ. ప్రాణం పోయేముందు పెద్దాయన వీటన్నిటినీ తిప్పి, తనను చంపిందెవరో చెప్పి పోయాడు.”

“ఇంత జ్ఞానం మీకెక్కడిది?”

“నిపుణుణ్ణి పిలిపించాం. నాణేల షాపు ఉంది చూడండి, మెడలో భూతద్దం వేసుకుని తిరుగుతాడు, ఆయన. రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.”

“డాక్టరు ఏమన్నాడు?”

ఇన్‌స్పెక్టర్ కాస్త తడబడ్డాడు. “పడగానే పోయాడన్నాడు.”

“పడగానే పోయిన మనిషి లేచొచ్చి, కుర్చీలో కూర్చుని, ఇన్ని నాణేలు ఒక్కొక్కటే తిప్పి, మళ్లీ వెళ్లి అక్కడే పడుకున్నాడా?”

“డాక్టర్లు ఉజ్జాయింపుగా చెప్తారు.”

“నిపుణులు మాత్రం కచ్చితంగా చెప్తారన్నమాట. మోకాలికీ బోడిగుండుకీ ముడేస్తే జుట్టు ఎక్కడిదని కూడా అడగరేమిటి మరిదిగారూ?”

“ఇంట్లో మీ చెల్లెలి మాట వింటాను. డ్యూటీలో నా మాట నేను వింటాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, ముఖం గంటు పెట్టుకుని. “ఆడ కానిస్టేబులు జీపులో బయల్దేరింది. జీపు రాగానే ఆ అమ్మాయిని తీసుకెళ్తున్నా. అందాకా మీ ఇష్టం, అడిగేవి అడుక్కోండి.”

“ఈ నాణేల్ని మీవాళ్లు ఎవరైనా కదిపారా?”

“లేదు. మొదటి ఫోటోలు తీసినప్పుడే ఇలా ఉన్నాయి. అప్పటికి నిపుణుడు గడప కూడా తొక్కలేదు.”

అతని పనిలో ఆమెకు నచ్చేది అదొక్కటే. ఆలోచన ఎటు పరిగెత్తినా, ఫోటోలు మాత్రం ముందు తీయిస్తాడు.

*

కోడలు వంటింట్లో, పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముప్ఫై దాటి ఉండవు. మందుల షాపులో పని. డిటెక్టివ్‌ను పిలిపించుకున్నది ఆమే. పిలిపించుకుని మరీ అబద్ధం చెప్పే మనుషులంటే డిటెక్టివ్‌కు ఒళ్లు మంట.

“షాపు నుంచి తొందరగా బయల్దేరావు. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. మధ్యలో రెండు గంటలు ఎక్కడున్నావు?”

“బస్సు దొరకలేదు మేడమ్.”

“ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పు. ఆయనా నమ్మలేదనుకో. నాక్కూడా అదే చెప్తే నేను వచ్చిన దారినే పోతాను. జీపు వస్తోంది తెలుసా?”

కోడలు పొయ్యి మీద టీ నీళ్లు పెట్టింది. నీళ్లు మరిగాక టీపొడి వేసింది.

“ఇల్లు చూడ్డానికి వెళ్లాను,” అంది చివరికి. “అద్దె ఇల్లు. కళ్లజోళ్ల షాపాయనతో.”

“ఆయన నీకేమవుతాడు?”

“వచ్చే నెలలో పెళ్లి చేసుకుందామనుకున్నాం.” కోడలు పొయ్యి మంట తగ్గించింది. “మామయ్యగారే కుదిర్చారు. ఆయన కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వెళ్లి, మనిషిని కూడా పరీక్ష చేసి వచ్చారు. ‘పోయినవాడి కోసం బతికున్నదాన్ని నేను పాతిపెట్టలేను’ అన్నారు. ఈ ఇల్లు కూడా నా పేరనే రాశారు. కానీ మామయ్యగారు పోయిన పూట కోడలు కొత్త కాపురానికి ఇల్లు వెతుక్కుంటోందని తెలిస్తే, జనం ఏమంటారు? అందుకే బస్సు దొరకలేదన్నాను.”

“జనం నోటికి భయపడి మెడకు ఉరి తెచ్చుకుంటావా?” అని కసిరింది కానీ, డిటెక్టివ్‌కు ఆ పిల్ల మీద జాలి కలిగింది. “మీ ఆయన ఎప్పుడు పోయాడు?”

“నాలుగేళ్లయింది. ఆయనా ఓడ మీదే పని. ఓడ మునిగింది. కొంతమంది దొరికారు, ఈయన దొరకలేదు. ఏడాది ఎదురుచూశాక మామయ్యగారు ఆ నాణెం కొన్నారు. ఇప్పుడు పోయింది అదే.”

“దాని మీదేముంది?”

“రోమ్‌ని ఏలిన చక్రవర్తి ఎవరో, చంటితనంలోనే పోయిన కొడుకు కోసం వేయించాడట. భూగోళం మీద పిల్లాడు కూర్చుని చేతులు చాస్తుంటాడు. చుట్టూ ఏడు చుక్కలు. మామయ్యగారు ఏ నాణెమూ దేశం చూసి సర్దేవారు కాదు మేడమ్. లెక్క చెప్పే చుక్కలొక వరస, దారి చెప్పే చుక్కలొక వరస, పోయినవాళ్ల చుక్కలొక వరస. మొదట్లో అమెరికావాళ్ల నాణేల మీద పదమూడు చుక్కలు ఉండేవట, పదమూడు రాష్ట్రాలకు. అవి లెక్క చెప్పేవి. దక్షిణ సముద్రాల్లో ఓడలు నమ్ముకునే నాలుగైదు చుక్కల గుంపు బ్రెజిల్ నాణెం మీద ఉంటుంది. అది దారి చెప్పేది. సీజర్ పోయాక ఆకాశంలో తోకచుక్క కనిపిస్తే, ఆయన ఆత్మే అనుకున్నారట జనం. దాన్నీ నాణెం మీదికి ఎక్కించారు. ఆ నాణెం పక్కనే మా ఆయన పేరిట కొన్న ఏడు చుక్కల నాణెం పెట్టుకున్నారు మామయ్యగారు.”

ఆమె రెండు కప్పుల్లో టీ పోసి, బల్ల మీద పెట్టింది. పెట్టి, ఒక కప్పును వేలితో కొంచెం తిప్పింది.

డిటెక్టివ్ ఆ కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. “ఎందుకు తిప్పావు?”

“ఏది?”

“కప్పు.”

కోడలికి ప్రశ్న అర్థం కాలేదు. “మీరు పట్టుకోవాలి కదా మేడమ్. చెవి మీ వైపు ఉండాలిగా.”

డిటెక్టివ్ టీ ఒక్క గుక్కలో తాగేసింది. నాలుక కాలింది. పట్టించుకోలేదు.

*

నాణేల షాపు భూతద్దం వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మిగిలిన నాణేల్ని సరిచూసి సీలు వేయించడానికి ఇన్‌స్పెక్టరే రమ్మన్నాడు. యాభై ఏళ్ల మనిషి. గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్నాడు. మాట మెత్తన. చూడగానే ఇంటి తాళాలు అప్పగించాలనిపించే రకం.

“ఈ ఇంటికి కిందటిసారి ఎప్పుడొచ్చారు?” అంది డిటెక్టివ్.

“పోలీసులతో నిన్న వచ్చానమ్మా. అంతకుముందంటే నెల దాటింది. పెద్దాయన నా దగ్గరే కొనేవారు. మంచి స్నేహితులం.”

“నాకు నక్షత్రాల సంగతి అఆలు కూడా రావు. కాస్త చెప్తారా? ఆ కిటికీ వైపు కుర్చీలో కూర్చోండి. బీరువాలో ఇంకో పళ్లెం ఉంది. అందులోవి తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ చెప్పండి. మేమిద్దరం ఇలా మీ పక్కన నిలబడతాం.”

ఇన్‌స్పెక్టర్ గొణిగాడు. “జీపు వచ్చేస్తోంది, ఇప్పుడు మీకు పాఠాలా?”

“నేర్చుకోవడానికి వయసేముంది మరిదిగారూ.”

భూతద్దానికి తన విద్య చెప్పుకోవడమంటే సరదాయే. నాణేలను అంచులు పట్టుకుని తీసి, గుడ్డ మీద పెట్టసాగాడు. “ఇది చైనా. పెద్ద చుక్క పార్టీ, చుట్టూ ఉన్న నాలుగు చిన్నచుక్కలూ జనం. ‘ఏ ఇంట్లోనైనా ఇదే కదయ్యా, పెద్దదొకటి, దానికి తిరిగేవి నాలుగు’ అనేవారు పెద్దాయన. ఇది బైజాంటియం. నెలవంకలో చుక్క. ఇప్పుడు జెండాల మీద చూస్తామే, వాటికంటే ఎన్నో వందల ఏళ్ల ముందుది...”

నాలుగు నాణేలు పెట్టాడు. నాలుగూ అతనికేసే తిరిగి, నిటారుగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ పళ్లెం చూశాడు, వదినగారిని చూశాడు. ఆమె దేనికోసం కాచుకుని ఉందో అతనికి అప్పటికి తట్టింది. “షాపువాళ్లు నాణేలు తిప్పి పెడతారనేగా మీ ఆశ?” అన్నాడు చెవిలో. “చూశారుగా. ఆయన మామూలుగానే పెట్టాడు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేరు వదినగారూ.”

ఆమె గుండె ఒక్కసారి జారింది. ఆ మాట పైకి ఒప్పుకోలేదు కానీ, నిజంగానే జారింది. బయట జీపు ఆగిన చప్పుడు. ఈ పిచ్చిపిల్లను ఎక్కించుకుపోతారు, రేపటికి ఊరంతా హంతకురాలంటుంది. కళ్లజోళ్లాయన తరఫువాళ్లు మొహం చాటేస్తారు. తర్వాత నిర్దోషి అని తేలినా ఆ మచ్చ పోదు.

అప్పుడే కోడలు అందరికీ టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“అమ్మాయ్, అది అక్కడ పెట్టి, ఇలా వచ్చి కూర్చో,” అని ఎదుటి కుర్చీ చూపించింది డిటెక్టివ్. “నువ్వు కూడా విను.”

కోడలు బెరుగ్గా వచ్చి కూర్చుంది. భూతద్దం తల వంచుకుని, ఐదో నాణెం తీశాడు. “ఇది బ్రెజిల్. దక్షిణాన నావికులు...” అంటూ బల్ల మీద పెట్టాడు. పెడుతూ పెడుతూ, వేళ్ల మధ్యే సగం చుట్టు తిప్పి పెట్టాడు. ఆరోదీ అంతే. ఏడోదీ అంతే. నోరు కథ చెబుతోంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

ఎనిమిదో నాణెం దగ్గర గదిలో నిశ్శబ్దం గమనించి తలెత్తాడు.

“ఆగిపోయారేం?” అంది డిటెక్టివ్. “ముప్ఫై ఏళ్ల షాపు అలవాటు కదా. ఎదురుగా ఎవరూ లేకపోతే నాణెం మీకేసి పెట్టుకుంటారు. మనిషి కూర్చుంటే ఆ మనిషికేసి తిప్పుతారు. పెద్దాయన తిప్పడు. ఆయన ఎవరికీ అమ్మేవాడు కాదు కాబట్టి ఆయనకా అవసరం లేదు. కోడలు కూర్చునేది ఎదుటి కుర్చీలో, ఆమె తిప్పితే అవి పెద్దాయనకేసి తిరిగేవి. మొన్న ఈ కుర్చీలో కూర్చుని ఆ పళ్లెం సర్దింది మీరు.”

“నిన్న... నిన్న పరీక్ష చేసేటప్పుడు...”

“నిన్న కాదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు మారిపోయింది. “మొదటి ఫోటోల్లోనే తిరిగి ఉన్నాయి. అది పెద్దాయన పోయేముందు చెప్పిన మాటని మీరే రాసిచ్చారు. నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు.”

కోపం అతనికి ఆలస్యంగా వస్తుంది కానీ, వచ్చిందంటే నిండుగా వస్తుంది. తలుపు మూసి, గడియ పెట్టాడు.

“పెద్దాయన నేలమీద ఉన్నాడు,” అంది డిటెక్టివ్. “మీరు ఆయన కుర్చీలో ఉన్నారు. మరి ఈ ఎదుటి కుర్చీలో ఎవరున్నారు? ఎవరికి చూపిస్తున్నారు నాణేలు?”

భూతద్దం మెడలోని తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయాడు.

“నేను చంపలేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. చెప్తే వాడు నన్ను బతకనివ్వడు.”

“చెప్పకపోతే మేం బతకనిస్తామని ఎవరన్నారు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భూతద్దం కోడలి వైపు చూడలేక, బల్ల వైపు చూస్తూ చెప్పాడు. “ఆయన కొడుకు.”

కోడలు ఆ మాట తనది కానట్టు చూసింది.

“ఓడ మునిగినప్పుడు ఈదుకుంటూ ఎక్కడో ఒడ్డుకు చేరాడట. ఇక్కడి బతుకు ఇష్టం లేక అక్కడే ఉండిపోయాడట, వేరే పేరు పెట్టుకుని. అది కూడా చెడింది. మొన్న నా షాపుకు వచ్చాడు. దయ్యమనుకున్నాను. నాన్న దగ్గరికి తీసుకెళ్లు, నాణేల ఖరీదులు చెప్పు, నీకు వాటా ఇస్తానన్నాడు. గడ్డి తిన్నాను. తలుపు నేనే కొట్టాను. పెద్దాయన నన్ను చూసి తీశాడు.”

“చూడగానే ఏమన్నారు?” అంది కోడలు. గొంతు చాలా మామూలుగా ఉంది.

“అమ్మా...”

“మామయ్యగారు, ఆయన్ని చూడగానే ఏమన్నారు?”

“ఏమీ అనలేదమ్మా. కావిలించుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. నాక్కూడా ఏడుపొచ్చింది. ఆ తర్వాత వీడు నాణేల సంగతి ఎత్తాడు. ఇల్లు ఎవరి పేరనుందని అడిగాడు. పెద్దాయన వాణ్ణి వదిలేసి వెనక్కి జరిగాడు. ‘నా కొడుకు ఎప్పుడో పోయాడు, చుక్కల్లో ఉన్నాడు, నువ్వెవరో నాకు తెలీదు, బయటికి నడు’ అన్నాడు. వీడు తోశాడు. ఒక్క తోపే. బీరువా మూల... నేను పారిపోదామంటే, కూర్చో, ఏది ఎంతో చెప్పు అన్నాడు. శవాన్ని పక్కన పెట్టుకుని చూపించానమ్మా. అన్నీ చూసి, చివరికి ఆ ఏడు చుక్కలదే తీసుకున్నాడు. ‘ఇది నేను చచ్చానని కొన్నది, కాబట్టి నాదే’ అన్నాడు.”

కోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు మొదట ఆ ముసలాయన కోసమే వచ్చింది. కొడుకు బతికున్నాడని తెలిసిన కాసేపట్లోనే ఆ సంతోషాన్నీ పోగొట్టుకుని పోయాడని.

డిటెక్టివ్‌కు అడగాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. “ఇల్లు కోడలి పేరనుందని వాడికి చెప్పారా?”

“చెప్పాను.”

“ఇంకేం చెప్పారు?”

“ఆమె ఎలా ఉందని అడిగాడు. వచ్చే నెల పెళ్లని... పెద్దాయన నాతో చెప్పి ఉన్నాడు కదా. నోరు జారాను. ఎవరితో అన్నాడు.”

“ఎవరితోనో కూడా చెప్పారా?”

అతను అవునన్నట్టు తల ఆడించాడు.

కోడలు కుర్చీ తోసుకుని లేచింది. కొంగు ముడిలో నుంచి ఫోన్ తీసి, కళ్లజోళ్ల షాపాయనకు కలిపింది. “పొద్దున మాట్లాడారు. అన్నం తిన్నావా అని అడిగారు,” అంది ఎవరితోనో చెప్తున్నట్టు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే గడియ తీసి, జీపులో వాళ్లను కేకేస్తున్నాడు.

అవతల ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకునేసరికి ఎత్తారు.

“ఏమండీ, ఎక్కడున్నారు? తలుపులు వేసుకోండి, ఎవరొచ్చినా తీయకండి!” అంది కోడలు ఊపిరి తీసుకోకుండా.

అవతల ఒక గొంతు, ఎంతో తీరిగ్గా, ముద్దుగా పలికింది. బల్లకు ఇవతల ఉన్న డిటెక్టివ్‌కు కూడా స్పష్టంగా వినిపించింది.

“బాగున్నావా, పిచ్చుకా?”

ఫోన్ కోడలి చేతిలోంచి జారి నాణేల మీద పడింది. నాలుగేళ్ల కిందటిదాకా ఆమెను ఆ పేరుతో పిలిచిన మనిషి ఎవరో డిటెక్టివ్‌కు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.